ఉప్పునీళ్లలో ఎవరూ మునగరు

...మోచేతుల దగ్గర అచ్చం వాళ్లమ్మ పొలుసులే, అదే తెలుపు, గోకితే రాలే అదే పొట్టు, అక్క ఈ పిల్లకి ఇచ్చిపోయిన ఆస్తి ఇదొక్కటే అనుకుంటూ వేడి బురద అరచేతిలోకి తీసుకున్నాను, కాలుతోందా అమ్మడూ అంటే, లేదు పిన్నీ, హాయిగా ఉంది, కుళ్లిన గుడ్ల వాసనే భరించలేకపోతున్నా అంది, అలవాటైపోతుందిలే, ఈ వాసనతోనే మీ బాబాయి నాతో ముప్ఫై ఏళ్లు కాపురం చేశాడు అన్నాను, నవ్వింది, నవ్వుతూనే గుండె మీద చెయ్యి వేసుకుంది, నవ్వినా మెట్లెక్కినా ఎవరైనా గట్టిగా పిలిచినా ఆ చెయ్యి అక్కడికే పోతుంది, ఎదురుగా గోడ మీద ఈ స్నానశాల యజమాని రాయించిన బోర్డు, ఉప్పునీళ్ల వల్ల ఇరవై ఒక్క లాభాలట, సగం పచ్చి అబద్ధాలు, పోయిన వయసు తిరిగొచ్చేదైతే ముందు నా మొహం చూడమనండి, కానీ పొలుసులకి పనిచేస్తుంది, అది నిజం, ఆ ఖనిజాల ఉప్పు చర్మాన్ని మెత్తబరుస్తుంది, బురద దురదని లాగేస్తుంది, నా చేతులతో చూశాను, అందుకే కదా ఆనాడు అక్కని రప్పించింది, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పని మనిషిని, సెలవు రోజున, తాళంచెవి నా దగ్గరే ఉంది, తొట్టి మొత్తం మనదే, రావే అని.

వచ్చింది, వెల్లకిలా తేలింది, ఒసేయ్, దురద లేదే, పదిహేనేళ్లలో మొదటిసారి దురద లేదే అని చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది, పొట్ట మీద కూడా ఉన్నాయిగా, బోర్లా తిరిగి తడుపుకో అన్నది నేనే, నాకు ఈత రాదే అంటే, ఉప్పునీళ్లలో ఎవరూ మునగరే పిరికిదానా, మునుగుదామన్నా మునగవు అన్నది కూడా నేనే, ఇక్కడ పనిచేసే మేమందరం వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాట, చెప్పీ చెప్పీ మేమే నమ్మేసిన మాట, మునగరు, నిజమే, కానీ ఆ చిక్కటి నీళ్లు బోర్లా తిరిగిన మనిషిని బోర్లాగానే పట్టేస్తాయి, కాళ్లు పైకి లేపేస్తాయి, నేల అందదు, మొహం నీళ్లలోనే ఉండిపోతుంది, నేను పక్కగదిలో బురద వేడి చేస్తూ కూనిరాగం తీస్తున్నాను, తిరిగొచ్చేసరికి అక్క తేలుతోంది, వీపు పైకి, అబ్బ, ఎంత చక్కగా తేలుతోందో అని సంతోషించాను, ఆ ఒక్క క్షణపు సంతోషం నన్ను పన్నెండేళ్లుగా తింటోంది, ఆ రోజు నుంచీ తొట్టిలో ఎవరు దిగినా నాకు కనిపించేది ఆ వీపే.

నోరు మూసుకో, తొట్టిలో పోయిందంటే ఇక ఎవడొస్తాడు, తాళం తీసింది నువ్వే, ముందు జైలుకెళ్లేదీ నువ్వే, ఇంట్లో గుండె ఆగిపోయిందందాం అన్నాడు యజమాని, అన్నాం, ఇంటికి చేర్చాం, జుట్టు నేనే తుడిచాను, అప్పటికి పన్నెండేళ్ల ఈ పిల్ల వాళ్లమ్మని ముద్దు పెట్టుకుని, అమ్మ నుదురు ఉప్పగా ఉందేం పిన్నీ అని అడిగింది, గుండెపోటుకి చెమట పడుతుందమ్మా అన్నాను, అంత చల్లగా, అంత తడుముకోకుండా.

పిన్నీ, సోమవారం ఆపరేషన్ చేయించుకుంటున్నా అంటోంది ఇప్పుడు, పిల్లలు పుట్టకుండా, మా ఆయన వద్దని బతిమాలుతున్నాడు, నాకే ధైర్యం లేదు, అమ్మ గుండెలాగే నా గుండె కూడా కాన్పులో ఆగిపోతే, నా బిడ్డ కూడా నాలాగే పెరగాలా, డాక్టర్లు పరీక్షల్లో ఏమీ లేదన్నారులే, అమ్మకి మాత్రం ముందే తెలిసిందా ఏమిటి, నీకు తెలీదు పిన్నీ, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేచి నాడి పట్టుకుని చూసుకుంటానో, నాకు తెలీదట, నా వేళ్లు దాని మోచేతి మీద ఆగిపోయాయి, బురద ఆరిపోతోంది, పసిదాని మనసు విరిగిపోతుందని దాచాను, పదో తరగతి పరీక్షలయ్యాక చెప్దామనుకున్నాను, పెళ్లయ్యాక చెప్దామనుకున్నాను, థూ, ఏం పసిది, ఏం పరీక్షలు, చెబితే ఇది నన్ను పిన్నీ అనదు, అంతే, ఇన్నేళ్లూ నేను కాపాడుకున్నది ఆ ఒక్క పిలుపునే, దానికోసం దీనికి లేని జబ్బు అంటగట్టాను, పుట్టాల్సిన బిడ్డని కూడా నా అబద్ధానికే బలివ్వబోతున్నాను, అమ్మడూ, ఇటు చూడు, సోమవారం వెళ్లకు, మీ అమ్మ గుండె శుభ్రంగానే ఉండేది, మీ అమ్మని నీళ్లలో బోర్లా తిరగమని వదిలేసి వెళ్లింది నేను.