కట్టకు గండి

కుళ్ళు వాసన.

ముక్కు మూసుకున్నా గొంతులోకి దిగే వాసన. ఇదివరకు ఇక్కడ బురద వాసన ఉండేది... ఉప్పూ, ఆకులూ, పీతలూ కలిసిన వాసన. అది వేరు.

ఇప్పుడు నీళ్ళు కదలడం లేదు.

కట్టకు అవతల సముద్రపు పోటు వస్తుంది, పాటు వస్తుంది. ఇవతల ఏదీ రాదు. మడచెట్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళతో గాలి పీల్చుకుంటాయి. నీళ్ళు దిగితేనే వాటికి ఊపిరి. నీళ్ళు దిగడం లేదు. మా చెట్లు నిలువునా మునిగి చచ్చిపోతున్నాయి.

ఎవరు చేశారు?

ఏ కంపెనీవాడో చేసి ఉంటే బాగుండేది. వాడి గుమ్మం ముందు నిలబడి కడుపారా తిట్టేదాన్ని.

మేమే చేశాం.

వదిన పెంచిన మొక్కలవి. పెరడంతా సంచులే. పాయ నుంచి బిందెతో ఉప్పునీళ్ళు మోసేది. "ఈ ఇంట్లో ముందు మొక్కలకు, తర్వాతే మొగుడికి" అని అన్నయ్య నవ్వేవాడు. ఊరంతా మోకాలి లోతు బురదలో దిగి నాటాం. వారం తిరక్కుండా మేకలు చిగుళ్ళు మేసేశాయి.

కట్ట వేద్దామన్నాడు అన్నయ్య.

అందరం గంపలెత్తాం. మేకలు ఆగాయి. చప్పట్లు కొట్టుకున్నాం. వాటితో పాటు నీళ్ళూ ఆగాయని ఒక్కరికీ తోచలేదు.

కట్ట మీద మొదట కాలిబాట పడింది. తర్వాత సైకిళ్ళు. తర్వాత అన్నయ్య బండి. ఇప్పుడు బజారుకు అదే దగ్గరి దారి.

ఆకులు పండిపోయాయి — పండాల్సిన కాలం కాకుండానే.

ఊరి సంఘం మీటింగులో వదిన లేచి నిలబడింది. "గండి కొట్టాలి. పోటు లోపలికి రావాలి."

అయ్యో పాపం అన్నారు. టీలు తాగారు.

"చూద్దాంలేమ్మా, వానలు తగ్గనీ" అన్నాడు కిరాణా కొట్టాయన.

"ఆ చెట్లు ఎలాగూ బతకవు. దారైనా మిగలనీ" అన్నాడు అన్నయ్య.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెట్లను కాపాడ్డానికి కట్ట వేశాం. ఇప్పుడు కట్టను కాపాడ్డానికి చెట్లను చంపుతున్నాం. ఈ మాట అక్కడే అరిచాను. కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే వదిన పార తీసింది. నేను గునపం అందుకున్నాను.

ఇంకెవరూ రాలేదు.

తవ్వాం. చేతులు బొబ్బలెక్కాయి. తవ్వాం. ఈ మట్టి మేం మోసిందే... ఎంత గట్టిగా తొక్కామో! పోటు మొదలయ్యేసరికి సన్నని ధార ఒకటి లోపలికి దూరింది. అంచులు విరిగి పడుతున్నాయి. నల్లనీళ్ళ మీద తెట్టు కదిలింది.

అన్నయ్య బండి వచ్చి గండి అవతల ఆగింది.

"మతిపోయిందా మీకు? నేనెట్లా వెళ్ళాలి?"

"చుట్టూ తిరిగి" అంది వదిన, తలెత్తకుండా.

"ఊళ్ళోవాళ్ళకు ఏం చెప్పను?"

"మీ పెళ్ళాం మీ మాట వినదని చెప్పండి. వాళ్ళకు తెలిసిందేగా."

నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకు రాలేదు.

అతని వెనక ఇంకో బండి. ఇంకోటి. హారన్లు... ఎవరో బూతులు.

అన్నయ్య స్టాండు వేశాడు. చెప్పులు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి గండిలోకి దిగాడు, వదిన వైపు చెయ్యి చాపి —

"పార ఇటివ్వు."

తవ్వడానికో, పూడ్చడానికో చెప్పలేదు.

వదిన ఇవ్వలేదు.