ఆయన నింపిన కుండీ

మావారు పోయాక ఇల్లంతా ఆడపడుచే సర్దింది. బట్టలు, మందులు, కళ్ళజోళ్ళు ఎవరెవరికో ఇచ్చేసింది. నేను అన్నిటికీ సరే అన్నాను. బాల్కనీలో ఉన్న ఆర్కిడ్ కుండీ ఒక్కటి మాత్రం ముట్టుకోనివ్వలేదు. రెండు రకాలు కలిపి, గింజ నుంచి పెంచి, కుండీలో మట్టికి బదులు చెట్టుబెరడు ముక్కలు నింపి ఆయనే నాటిన మొక్క అది. ఏళ్ళు గడిచినా పుయ్యలేదు. ఏ రంగు పూస్తుందో ఆయనకీ తెలీదు. చూడకుండానే వెళ్ళిపోయారు. దాన్ని పూయించాలి. నాకు మిగిలిన పని అదొక్కటే.

ఏడవలేదని చుట్టాలు నన్ను వింతగా చూశారు. వచ్చినవాళ్ళంతా తినమ్మా తినమ్మా అంటూ నా నోట్లో కుక్కేవాళ్ళు. నేను లేచి వెళ్ళి మొక్కకి ఎరువు నీళ్ళు పోసేదాన్ని. ఆయన చిటికెడు కలిపేవారు, నేను చెంచా నిండా వేసేదాన్ని. ఆకులు నిగనిగలాడుతూ ఏపుగా వచ్చాయి గానీ పువ్వు ఊసే లేదు. తర్వాత ఆ ఆకులే వడలి ముడతలు పడ్డాయి. ఆకలేమోనని ఇంకో చెంచా వేశాను. నా తెలివి అలా తెల్లారింది.

ఆడపడుచు మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. ఓ రోజు వచ్చి కుండీ వాసన చూసింది.

"వదినా, ఈ చెట్టుబెరడంతా కుళ్ళి ముద్దైపోయింది. వేళ్ళకి గాలి ఆడట్లేదు. పైన ఈ తెల్లపొర చూశావా, అంతా నువ్వు పోసిన ఎరువే. ఇవాళే మార్చెయ్యాలి."

"మార్చను."

"చచ్చిపోతుంది వదినా."

"అది మీ అన్నయ్య నింపిన బెరడు. ఆయన చేత్తో నొక్కింది. ముట్టుకున్నావంటే ఊరుకోను!"

అరిచానని తర్వాత తెలిసింది. ఆమె నొచ్చుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నయ్య ఉంటే దీన్ని ఎప్పుడో పారబోసి కొత్తది వేసేవాడు."

కుండీ నేనే బోర్లించాను. కుళ్ళిన వేళ్ళు చేతిలోకి గుజ్జులా వచ్చాయి. గట్టివి కొన్నే మిగిలాయి. వాటిని కడిగి, కొత్త బెరడు ముక్కల్లో మొక్కని నిలబెట్టాం.

"కొత్త వేరు కనబడేదాకా ఎరువు జోలికెళ్ళకు. ఆ తర్వాతా చిటికెడే," అంది.

పాత బెరడు చెత్తబుట్టలో వేశాను. ఏమీ అనిపించలేదు.

వేరొచ్చింది. ఆకొచ్చింది. మరుసటి చలికాలం కాడ వేసింది, మొగ్గ తొడిగింది. అది విచ్చిన పొద్దున ఆడపడుచే ఫోన్ చేసింది.

"పూసిందా వదినా? ఎలా ఉంది?"

మాసిపోయిన పసుపు. దాని మీద కాఫీ ఒలికినట్టు మచ్చలు. వాసనా లేదు. దీనికోసమా ఈ మనిషి ఇన్నేళ్ళు నన్ను బాల్కనీలో బట్టలు ఆరేసుకోనివ్వలేదు అనుకున్నాను.

"అస్సలు బాలేదు," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ మాట ఆయన వింటే వారం రోజులు మూతి ముడుచుకుంటారు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లోపలికి తిరిగాను.

"ఏమండీ, ఓసారి ఇలా రండి," అని కేకేశాను.

అవతల ఆడపడుచు నవ్వు ఆగిపోయింది.