సెలవు రోజు వాన

పొద్దున్నే ప్రాంతీయ అధ్యయనాల శాఖ తలుపు తీసి అటెండరు ముందుగా ఇసుక ఊడుస్తాడు. ఆ శాఖలో ఎవరు ఏ ప్రాంతం మీద పరిశోధన చేస్తే అక్కడి వాతావరణం వాళ్ళ కుర్చీ మీదికి దిగుతుంది మరి. ఎడారి తీసుకున్న కుర్రాడి చుట్టూ ఇసుక, మంచుదీవులు తీసుకున్న అమ్మాయికి ఎండాకాలంలోనూ మఫ్లరు. వీళ్ళకి వేరే చదువులే దొరకలేదా అని అటెండరు సణుగుతూనే ఉంటాడు.

కిటికీ పక్క కుర్చీ ఒక నదీలోయది. దాని మీద కురిసేది ఆ నది పుట్టే కొండల్లోని వాన. అందులో కూర్చునేది విద్యార్థిని కాదు, విద్యార్థిని తల్లి. కూతురు లోయలోని పడవవాళ్ళ బతుకుల గురించి రాయడానికి వెళ్ళి వరదలో కొట్టుకుపోయింది. కొండల్లో పడ్డ వాన కింది ఊళ్ళకు చేరడానికి ఒక పూట పడుతుంది. వరద వచ్చిన రోజు ఆ పూటంతా ఇక్కడ కుర్చీ తడుస్తూనే ఉంది. సెలవని గదికి తాళం వేయడంతో చూసిన నాథుడు లేడు.

అప్పటినుంచి ఆవిడ సెలవుల్లో కూడా వస్తుంది. కూర్చుని స్వెట్టరు అల్లుకుంటుంది. చినుకు పడితే గొడుగు తెరవదు. కూతురికి చివరగా తగిలిన నీళ్ళు ఆ కొండలవే.

"అమ్మా, ఆ లోయ మీద కొత్తమ్మాయి చేరింది. కుర్చీ తనకివ్వాలండీ," అన్నారు కూతురి పరిశోధన చూసిన గైడుగారు ఒకరోజు.

"ఇచ్చేస్తే నేనెక్కడ కూర్చోను బాబూ?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. వరద రోజు గదికి తాళం వేయించింది ఆయనే.

కొత్తమ్మాయిని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది, బతికున్నందుకు. "పర్లేదు పిన్నిగారూ, నేను నిలబడి చదువుకుంటాను," అని ఆ పిల్ల అంటే ఇంకా మండేది. చివరికి ఆ కుర్చీలో ఒక్క రోజైనా కూర్చోకుండానే ఆ పిల్ల లోయకి ప్రయాణమైంది. వెళ్తూ ఫోన్ నంబరు ఇచ్చింది. ఆవిడ తీసుకుని మళ్ళీ అల్లికలో పడింది.

ఒక ఆదివారం పొద్దున కుర్చీ మీద కుండపోత మొదలైంది. చేతిలోని అల్లిక ముద్దయిపోయింది. నీళ్ళు గుమ్మం దాటి వరండాలోకి పారాయి. ఆవిడ ఆ పిల్లకి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"రేవులో ఉన్నాను పిన్నిగారూ. ఇక్కడ ఎండ మండిపోతోంది."

"ఎండ సంగతి తర్వాత. ఊరివాళ్ళందరినీ తీసుకుని గుట్ట ఎక్కు. సామాన్లు సర్దుకుంటూ కూర్చోకండి."

"అలాగే," అంది ఆ పిల్ల. ఆ శాఖలో చదివేవాళ్ళు అలాంటప్పుడు ఎందుకని అడగరు.

సాయంత్రానికి వరద రేవునీ, రేవు వెనక ఇళ్ళనీ ఊడ్చుకుపోయింది. గైడుగారు రొప్పుతూ వచ్చారు.

"అందరూ గుట్ట మీదే ఉన్నారమ్మా. ఆ పిల్ల వాళ్ళమ్మతో కూడా మాట్లాడిందట."

"వాళ్ళమ్మ ఏమందిట?"

"ఏమంటుందండీ. ఏమైనా తిన్నావా అని అడిగిందట."

తనూ అదే అడిగి ఉండేది. ఆ ఫోన్ తనకి రావలసింది, ఆ రోజు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు. గైడుగారు పక్కనే వానలో తడుస్తూ నిలబడిపోయారు.

చాలాసేపటికి ఆవిడ లేచి కుర్చీని కొంగుతో తుడిచింది. అది మళ్ళీ తడిసింది.

"ఆ పిల్ల రాగానే ఇచ్చేస్తానండీ," అంది. "తను లోయకి వెళ్ళినప్పుడు మాత్రం నన్ను కూర్చోనివ్వండి."