వినోద నోరెత్తని పరేడ్

వినోద గొంతెత్తితే గోడాదరాలో మగ్గాల మోత కూడా వెనక్కి తగ్గాల్సిందే. అలాంటి పిల్లను పట్టుకుని నోరు మూసుకోమన్నారు, చూడండి ఎంత అన్యాయమో!

ఇచ్ఛాపూర్ మైదానంలో ఎన్‌సిసి క్యాంపు జరుగుతోంది. కొత్త అమ్మాయిలకు డ్రిల్లు, అనుభవమున్న అమ్మాయిలకు నాయకత్వ శిక్షణ. బెటాలియన్‌కి సీనియర్ కావాలని వినోద కాలేజీలో చేరినప్పటి నుంచీ తపించిపోతోంది. తీరా చూస్తే సుబేదార్ అంబదాస్ ఆఖరి పరీక్షలో పెద్ద తిరకాసే పెట్టాడు.

"పరేడ్ నువ్వు నడపకూడదు. కొత్తమ్మాయికి నేర్పి నడిపించాలి. ఆ రోజు నీ నోట ఒక్క ఆర్డరు వచ్చిందా, ఫెయిల్!"

వినోద వంతుకు వచ్చింది కోమలి, హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరుగారమ్మాయి. డ్రిల్లంతా కంఠతా వచ్చు. గొంతు మాత్రం పక్కవాళ్ల చెవిన కూడా పడదు.

"మా ఇంట్లో ఎవరూ అరవరక్కా," అంది కోమలి.

"మా ఇంట్ల అరవకపోతే అన్నం గూడ వెయ్యరు. ఇల్లే మగ్గాల పక్కపొంటి ఉన్నదాయె. సన్నగ మాట్లాడితే ఎవలికి ఇనవడ్తది?" వినోద మైదానం ఆ చివరికి పోయి నిలబడింది. "ఒర్రు! గీడి దాక రావాలె!"

పాపం కోమలి అరిచింది, దగ్గింది, నవ్వింది, మళ్లీ అరిచింది. ఒక సాయంత్రం క్యాంపు వంటాయన గరిటెతో సహా బయటికి పరుగెత్తుకొచ్చి "శు థయు బేన్?" అంటూ, ఏమైందోనని గుజరాతీలో కంగారుపడ్డాడు. ఏమీ కాలేదని, గొంతు వచ్చిందని వినోద గంతులేసింది. అంతా బాగానే ఉంది గానీ ఒక్కటే చిక్కు. కంగారులో మాట మరిచినప్పుడల్లా కోమలి వినోద మొహం చూస్తుంది. ఈ మహాతల్లి ఉండబట్టలేక అందించేస్తుంది. ఇద్దరికీ అదే అలవాటైపోయింది.

పరేడ్ రోజున వినోద తల్లి బుచ్చవ్వ చీరలు మడతపెట్టే పని మానుకుని మరీ వచ్చింది. వినోద మైదానం అంచున కట్టిన తాడు పక్కన నిలబడి పెదవులు బిగించింది. కోమలి స్క్వాడ్ ఠీవిగా నడిచింది, ముచ్చటగా కుడివైపు తిరిగింది, అతిథుల పందిరి వైపు సాగింది. అక్కడ ఆపాలి. కోమలికి మాట పోయింది. అలవాటు ప్రకారం వినోద వైపు చూసింది.

బూట్లు కుర్చీల దాకా వచ్చేస్తున్నాయి. ముందు వరుసలో ఒక పెద్దాయన కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"ఏందే వినోదా, జెప్పవేందే! మందిని తొక్కుతరే!" బుచ్చవ్వ కేక పెట్టింది.

మాట వినోద నాలుక చివరే ఉంది. పైకి అంటే స్క్వాడ్ ఆగుతుంది, ఇన్నాళ్ల ఆశ అక్కడితో సరి. అనకపోతే ఆ పిల్ల నలుగురిలో నగుబాటు. కోమలి కళ్లు ఇంకా తన మీదే ఉన్నాయి. వినోద గిరుక్కున వెనక్కి తిరిగి, వీపు చూపించి నిలబడింది.

కోమలికి ఒళ్లు మండిపోయింది. ఈమె కూడా వదిలేసిందా?

"స్క్వాడ్... థమ్!"

బూట్లన్నీ ఒక్కసారే నేలను తాకాయి. పెద్దాయన చేతిలోని మజ్జిగ ఆయన పంచె మీదే ఒలికింది. చప్పట్లు మారుమోగాయి. వెనక్కి తిరిగిన వినోద తిరిగినట్టే ఎగిరి గంతేసింది.

అంబదాస్ మీసం బిగించి వచ్చాడు. "పరేడ్‌కి వీపు చూపిస్తావా? ఎందుకు?"

"నా మొహం కనపడినంతసేపు ఆమె నోరు తెరవదు సాబ్," అంది వినోద హిందీలో.

ఆయన కాసేపు కోపంగానే ఉండాలని చూశాడు, చేతకాలేదు. నవ్వేసి, సీనియర్ పట్టీ వినోద భుజానికి తగిలించాడు. "నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా!" అంటూ కోమలి వచ్చి మెడకు చుట్టేసుకుంది.

బుచ్చవ్వకు మాత్రం ఏమీ అంతుపట్టలేదు. "ఒర్రింది ఆ పిల్లనాయె. నువ్వు కట్టె లెక్క నిలవడితివి. పట్టి నీకెందుకిచ్చిండ్రే?"

వినోదకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "నోరు మూసుకున్ననే అవ్వా."

"నువ్వా!" బుచ్చవ్వ బిడ్డను కిందికీ మీదికీ చూసింది. "నోరు మూసుకున్నవా? గట్లయితే ఇయ్యాల్సిందే తియ్!"