రెండో సగం

ఐజక్ థోర్న్ పోయి నూరేళ్లు దాటినా ఆ రేవు ఊళ్లో ఆయన పేరెత్తితే కబుర్లు తెమలవు. గాలి తోడుగా పరుగెత్తే క్లిప్పర్ ఓడలు ఏడు కట్టాడు. ఏడూ సముద్రం పాలయ్యాయి. మిగిలింది మూరెడు కొయ్యబొమ్మ, అదీ సగమే. ఆ కాలంలో ఓడని ముందు చిన్నగా, నిలువునా సగం చెక్కి, ఆ కొలతలే పెంచి రెండువైపులా కట్టేవారు. బొమ్మ వెనక చదునుపక్కన థోర్న్ గీసుకున్న పెన్సిల్ గీతలున్నాయి. ఆయన పనికి ఇంకో ఆనవాలు లేదు.

మసాచుసెట్స్‌లోని ఆ ఊరి మ్యూజియంలోనే రాధారాణి ఉద్యోగం. 1983 చలికాలంలో ఒక శుక్రవారం, గీతలకి నకలు తీయడం తెమలక, ఎవరికీ చెప్పకుండా బొమ్మని కార్లో ఇంటికి తెచ్చుకుంది. తప్పని తెలుసు. సోమవారం పెట్టేస్తే ఎవరు చూడొచ్చార్లే అనుకుంది.

ఇంట్లో నాన్న నరసింహ ఉన్నాడు. తాళ్లరేవులో కాగితం అన్నది లేకుండా కంటికొలతతో పడవలు కట్టిన మేస్త్రీ. భార్య పోయాక కూతురి దగ్గరికొచ్చి, టీవీ ముందు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటున్నాడు పాపం. శనివారం రాధారాణి స్నేహితురాలి సీమంతానికెళ్లి మంచులో చిక్కుకుంది. ఆదివారం ఇల్లు చేరేసరికి బల్లమీద ఓడ నిండుగా ఉంది. అతుకు వేలికి తగల్లేదు. ఓడ ముక్కుకి పసుపు, కుంకుమ కూడాను.

"విరిగిన నావని ఇంట్లో ఉంచుకోకూడదమ్మా, అరిష్టం. గ్యారేజీలో చెక్క దొరికింది, కలిపేశాను."

"వెనక గీతలున్నాయి కదా నాన్నా!"

"ఉన్నాయి. కట్టడం అయ్యాక గీతలతో ఏం పని?"

"కొంప ముంచావు! అది విరగలేదు. వాళ్ల పద్ధతే అంత. నా జాబ్ పోతుంది!"

నరసింహ మొహం పాలిపోయింది. షాపులో కొన్న జిగురు, నీళ్లకి ఊడదు. రంపం పెడితే పాతది కూడా పాడవుతుంది. ఉలి తీసుకుని, తను చెక్కిన సగాన్ని తనే పొరలుపొరలుగా లేపడం మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా చెడగొట్టడం రాధారాణి ఎన్నడూ చూడలేదు. చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

చీకటి పడే వేళకి పాత చదునుపక్క బయటపడింది. గీతలు చాలామటుకు జిగురుతోపాటే లేచిపోయాయి.

"నేనే పాడుచేశానని చెబుతాలే నాన్నా. నీ పేరు రానివ్వను."

నరసింహకి ఒళ్లు మండింది. "నువ్వా? ఆ సగం నువ్వు చెక్కావంటే చూసినవాడెవడైనా నమ్ముతాడా?"

"చూడ్డానికి అదెక్కడుంది?"

ఆయన తన కాళ్ల చుట్టూ ఉన్న చెక్కపొట్టు వైపు చూశాడు. గొంతు తగ్గింది.

"లేదు. అందుకే నువ్వు చెప్పాలి. మా నాన్న చేశాడు, అచ్చం ఆ పాత మేస్త్రీ చేసినట్టే కుదిరింది అని చెప్పు. చూసింది నువ్వొక్కదానివే కదమ్మా."