పదో విషయం

బడికి వేసవి సెలవులిచ్చే ముందు ఊళ్ళో మైకు తిప్పాలని హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య కబురు పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ బడి గేటు దాటి లోపలికి వెళ్ళాను. అన్నేళ్ళలో ఎన్నికలకూ తిరునాళ్ళకూ పల్స్ పోలియోకూ ఆ గేటు ముందు నుంచే నా మైకు ఆటో తిప్పాను గాని, లోపల కాలు పెట్టలేదు.

ఆయన కుర్చీలోంచి కదలకుండా ఒక కాగితం ముందుకు తోశాడు. అందులో తొమ్మిది విషయాలున్నాయి. ఏప్రిల్ ఇరవై మూడు ఆఖరి పనిదినం. ఆ రోజు తల్లిదండ్రులు వచ్చి ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వాలి. ఐదో తరగతి అయినవాళ్ళు టీసీలు తీసుకుని హైస్కూల్లో చేరాలి. బడి ఈడు వచ్చిన పిల్లల్ని ఆధార్ కార్డుతో తెచ్చి ఒకటో తరగతిలో చేర్పించాలి. సెలవుల్లో పిల్లల్ని సాగర్ కాలవలో ఈతకు పంపకూడదు. ఎండకు తిప్పకూడదు. జూన్ పన్నెండున బడి తెరుస్తారు. తొమ్మిదోది ఆయన సొంత విషయం: ముప్పై ఎనిమిదేళ్ళ మచ్చలేని సర్వీసు పూర్తి చేసుకుని రిటైరవుతున్న హెడ్మాస్టరు గారి సన్మానానికి గ్రామ ప్రజలందరూ రావాలి.

మచ్చలేని అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

"ఏంది అంత సేపు చూస్తున్నావు? నాలుగో తరగతిలోనే ఎగ్గొట్టినోడివి. చదవగలవా, మనోజ్ సార్ చేత రికార్డు చేయించనా?" అని నవ్వాడు. పక్క కుర్చీలో ఉన్న మనోజ్ సార్ కూడా మర్యాదకు నవ్వాడు.

ఎగ్గొట్టానట.

నాలుగో తరగతిలో గడియారం చూడటం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని గంట కొట్టే పని నాది. ఇత్తడి గంట, మోగితే చెరువు అవతలి పొలాల దాకా వినపడేది. సంవత్సరం పరీక్షల రోజుల్లో ఒక పొద్దున వెళ్ళేసరికి కొక్కేనికి గంట లేదు. అదే రోజు స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చాడు. గంట ఏదని అడిగాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని గోపాలకృష్ణయ్య సారు, ఒక్క క్షణం తడుముకుని, వేలు నా వైపు చూపించాడు.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాక నా పలక మీదే 'గంట దొంగ' అని రాసి, పురికొసతో నా మెడలో కట్టాడు. పదకొండు బజార్లు తిప్పాడు. ప్రతి మలుపులో ఆపి, "పైకి చదువు" అన్నాడు. నేను చదివాను. నాతో కలిసి కూర్చున్న పిల్లలే వెనక పడి అరిచారు. పదకొండో బజారు మాది. మా అమ్మ సుందరమ్మ దొడ్లోంచి పత్తికట్టె తెచ్చి, అది విరిగేదాకా కొట్టింది. మర్నాడు నేను బడికి పోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పోలేదు. కొన్నాళ్ళకు గంట మళ్ళీ మోగితే, దెబ్బలకు భయపడి నేనే తెచ్చి పడేశానన్నారు. రొంపిచెర్లలో మైకు సెట్టు మౌలాలీ దగ్గర పనికి చేరాను.

ఇప్పటికీ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా మా అమ్మ ముందు నా వంక చూస్తుంది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక మౌలాలీ, పాత మైకు బూరలు తుడుస్తూ మాటల్లో అన్నాడు. "మీ ఊరి బడి గంట ఒకసారి నేను తెచ్చా, తెలుసా? శ్రీరామనవమి నాటకంలో కోట గంట మోగాలంటే మీ కొత్త సారునడిగితే ఇచ్చాడు. పది రోజులకు తిరిగిచ్చా. పాపం, ఎవురికీ చెప్పొద్దన్నాడు." ఆ గంట సంగతి నేనెప్పుడూ మౌలాలీకి చెప్పలేదు, సిగ్గుపడి. చేతిలో బూర కింద పెట్టి, బండెక్కి ఇంటికొచ్చి మా అమ్మ చెవి దగ్గర అరిచి చెప్పాను. ఆమెకు చెముడు. నా మైకు తప్ప ఏదీ సరిగా వినపడదు.

అంతా విని, "అయ్యవారు చెప్పాడా ఆ మాట?" అంది.

"మౌలాలీ చెప్పాడమ్మా."

"అయ్యవారు చెప్తే ఇంటా," అని మంచం మీద అటు తిరిగి పడుకుంది.

అందుకే ఆ రోజు బడిలో, "చదవలేను సార్," అన్నాను. "రికార్డు చేసింది ఎవరింటారు? మీరే బండెక్కి చదవండి. మీ గొంతయితే జనం గుమ్మాల్లోకొచ్చి ఇంటారు. ఒకటో తరగతిలో చేరికలు కూడా పెరుగుతాయి."

ఆయన ముఖం వెలిగింది. తన గొంతంటే ఆయనకు అంత ఇష్టం.

"సర్లేరా. రేపు ఎనిమిదింటికి రా. అక్షరాలు పెద్దగా కొట్టించుకురా, కుదుపులో కనపడాలి."

ఈపూరు రోడ్డులో అక్రం డీటీపీ షాపులో రెండు కాగితాలు కొట్టించాను. ఒకదాంట్లో తొమ్మిది విషయాలు. రెండోదాంట్లో పది. పదోది నేను చెబుతుంటే అక్రం కీబోర్డు మీద చేతులు ఆపాడు.

"బాబాయ్, ఇది కూడానా?"

"కొట్టు."

"సారు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆయన ఇస్త్రీ చొక్కాతో, నల్ల కళ్ళజోడుతో నా వెనక సీట్లో కూర్చున్నాడు. చేతికి మైకిచ్చాను. ఆంప్లిఫయర్ నా సీటు కిందే ఉంటుంది, స్విచ్చి నా మడమకు తగులుతుంది. మొదటి బజార్లో గొంతు సవరించుకుని చదివాడు. బాగా చదివాడు, అబద్ధం చెప్పను. పనుల్లో ఉన్న ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. రెండో బజారుకే పిల్లలు బండి వెనక చేరారు. వాళ్ళకు ముందుండి నడుస్తున్నది ఐదో తరగతి దీపశ్రీ. అయిదో బజారుకు ఆమెకు తొమ్మిది విషయాలూ కంఠతా వచ్చేశాయి. ఆయన ఆగితే తను అందుకుని అరుస్తోంది.

"నా శిష్యురాలు!" అని మైకులోనే మురిసిపోయాడు.

నేను అద్దంలో చూస్తూ నడిపాను. అవే మలుపులు. కొన్ని పెంకుటిళ్ళు పోయి డాబాలొచ్చాయి, అంతే తేడా. ప్రతి మలుపులో బండి ఆపాను, అప్పుడు నన్ను ఆపిన చోటే. ఆయనకు గుర్తు రాలేదు. పది మలుపుల్లో ఒక్కచోట కూడా గుర్తు రాలేదు. అది చూశాక, నాలో ఏ మూలనన్నా మిగిలిన జాలి కూడా పోయింది.

పదకొండో బజారు మొదట్లో వెనక్కి తిరిగి, "ఆ కాగితం చెమటకు తడిసింది సార్, ఇది తీసుకోండి," అని రెండోదిచ్చాను. మా ఇంటి ముందుకు తెచ్చి బండి ఆపాను. మా అమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

ఆయన నోటికొచ్చేసిన ఊపులో గడగడా చదువుకుపోయాడు. సన్మానానికి గ్రామ ప్రజలందరూ రావాలన్నాడు. ఊపిరి పీల్చుకోకుండానే, "పదో విషయం. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట మన బడి ఇత్తడి గంటను శ్రీరామనవమి నాటకానికి ఇచ్చింది..." అన్నాడు.

ఆగిపోయాడు. బూరల్లోంచి ఆయన ఊపిరి మాత్రం బజారంతా వినపడింది.

"పదోది ఏంది సార్? ఇందాక లేదుగా!" అంది దీపశ్రీ.

"ఏందిరా ఇది?" అన్నాడు నాతో, మెల్లగా. మెల్లగా అన్నది కూడా బూరల్లోంచి పెద్దగానే వచ్చింది. ఉలిక్కిపడి మైకు మీది మీట నొక్కాడు. దాన్ని నేను ముందు రోజే లోపల అతికేశాను. "మైకు ఆపు."

"ఆగదు సార్. చదవండి."

"ఒరేయ్ వెంకటాద్రీ, ఎప్పుడో నలభై ఏళ్ళ కిందటి సంగతి..."

"ముప్పై ఎనిమిది సార్. లెక్కలు మీరే చెప్పారు."

ఆయన చొక్కా చంకల్లో తడిసింది. గుమ్మాల్లో జనం చేరారు. "కొత్త ఉద్యోగంరా. బడి సొత్తు బయటికిచ్చానని ఇన్‌స్పెక్టర్‌కు తెలిస్తే తీసేసేవాడు. చప్పున నోటికొచ్చింది చెప్పా. నువ్వు చిన్నోడివి, రెండ్రోజుల్లో మర్చిపోతావనుకున్నా," అన్నాడు. ఆ మాటలూ బూరల్లోంచే పోయాయి. ఎదురింటి పుల్లారావు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. అప్పట్లో నా వెనక పడి అరిచిన పిల్లల్లో వాడొకడు.

"అవన్నీ ఎందుకు సార్? కాగితంలో ఉన్నది చాలు. పైకి చదవండి."

ఆయన దిగబోయాడు. రెండు వైపులా పిల్లలు. బడి పిల్లల్ని తోసుకుని, బజారు చూస్తుండగా పారిపోవడం ఆయనకు చేతకాలేదు. మళ్ళీ కూర్చున్నాడు. కాగితం ఎత్తి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నాటకానికి ఇచ్చింది నేనే. దాన్ని నాలుగో తరగతి వెంకటాద్రి దొంగిలించాడని అబద్ధం చెప్పి, మెడలో పలక కట్టి ఊరంతా తిప్పింది నేనే. గంట తిరిగొచ్చాక కూడా నోరు మెదపనిది నేనే. ఇట్లు గోపాలకృష్ణయ్య, హెడ్మాస్టరు."

మా అమ్మ ఒళ్ళో చింతపండు చేట పక్కన పెట్టింది. చీర దులుపుకుని, అరుగు దిగి, బండి దాకా వచ్చింది. ఆయన చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వంక చూడలేదు.

ఒక భయం పట్టుకుంది నన్ను. ఎండలో వచ్చారయ్యవారూ, మజ్జిగ తాగండని అంటుందేమోనని. అంటే ఇన్నేళ్ళదంతా అక్కడే పోతుంది.

"ఒరేయ్ ఎంకటాద్రీ," అంది. "సరిగ్గా ఇనపళ్ళా. ఇంకోసారి సదవమను. ఆ రోజు నీ చేత ఎంత పైకి సదివిచ్చాడో, అంత పైకి."

నేను సౌండు పెంచాను. ఆయన చదివాడు. మా అమ్మ మధ్యలో ఆగమనలేదు. చివరి మాట దాకా వింది. తర్వాత నా తల మీద చెయ్యి వేసింది. ఎండకు కాలిపోతున్న తల మీద ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నిన్ను ఎన్ని బజార్లు తిప్పాడ్రా?"

"పదకొండమ్మా."

"ఇది ఒకటేగా," అంది.

హ్యాండిల్ పట్టుకుని, బండి వెనక్కి తిప్పాను.