గొంతు మాత్రం వనితది

గిన్నెలు తోముతున్న వనితకు ముందు గదిలోంచి తన గొంతే వినిపించింది. భర్త శ్రీశైలం ఫోన్‌లో మళ్లీ ఆ పాట పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా ఇదే వరస. "మా ఇంటామె గొంతు" అని మురిసిపోతూ వినిపిస్తాడు, ఆ వెంటనే ఆ గొంతుగల మనిషినే "జర చాయ్ పెట్టు" అంటాడు. ఈసారి వచ్చింది పాటల యూట్యూబ్ చానెల్ నడిపే మహేశ్వర్. రెండో పాట కావాలట.

సిటీ బయట, తమ ఊరు హిమాయత్‌నగర్ పొలాల్లో నాట్లేస్తూ ఏళ్లుగా వనిత ఎత్తుకునే పాటే ఆ మొదటిది. విన్న మహేశ్వర్ ఆమెను స్టూడియోకు పిలిచి పాడించాడు. వీడియో మాత్రం జన్వాడ ఫామ్‌హౌస్‌లో, పూర్ణిమ అనే సిటీ పిల్లను పెట్టి తీశాడు. "నాదేం లేదక్కా. నల్లగ కనవడితె జనం వీడియో నొక్కరు, ప్లాట్లమ్మేటోళ్లు యాడ్ ఇయ్యరు" అన్నాడు. వనితను వెనక వరసలో, కొంగు మొహం మీదికి లాగి, కూలిమనిషిగా నిలబెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ పూర్ణిమకూ మేకప్ రెండు పూతలు పూశారు. "నేను గూడ సరిపోలేదక్కా వీళ్లకు" అని ఆ పిల్ల వనిత చెవిలో చెప్పుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా వనితకు లేకపోయింది.

ఇంటికొచ్చి చెప్పుకుంటే అత్త బీరమ్మ ఏమంది? "దేవుడు రంగియ్యకున్నా గొంతిచ్చిండు, సంబురపడు." వాకిలి ఊడ్చి, అందరికీ వండిపెట్టి, కూలికి పోయొచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చునే మనిషికి సంబరపడటం కూడా ఒక పనే.

చాయ్ తీసుకెళ్లేసరికి శ్రీశైలం ఒప్పేసుకుని ఉన్నాడు. "ఐతారం నేనే తోలుకొస్త అన్నా. ఫికర్ చెయ్యకు." ఆమెను ఎవరూ అడగలేదు.

అప్పుడే ఏడేళ్ల అఖిల లోపలి గదిలోంచి వచ్చింది. అచ్చం తల్లి రంగే. మొహం నిండా పౌడర్ మెత్తుకుంది. ఫోన్‌లో పాట నడుస్తుంటే చేతులు తిప్పుతూ పెదవులు కదిలించింది తప్ప గొంతు విప్పలేదు. మగవాళ్లిద్దరూ నవ్వారు.

"నోరిడిసి పాడరాదే బిడ్డా" అంది వనిత.

"నేనెందుకు పాడుత? పాడేది నల్లగున్నోళ్లు, లోపల్నుంచి. నేను కనవడేదాన్ని."

వెనక వరసలో నిలబెట్టినప్పుడు రాని ఏడుపు వనితకు ఇప్పుడొచ్చింది. మింగేసింది. గ్లాసులు కింద పెట్టి, కొంగుతో పిల్ల మొహం తుడిచి, మహేశ్వర్ వైపు తిరిగింది.

"పాడుత తమ్మీ. కెమెరా ముందట నిలవడి పాడుత. గట్లైతెనే పిలువు."

"అక్కా, గట్ల నడవదక్కా..."

"పిచ్చి లేసిందా నీకు? రేపు ఇంకోదాన్ని పిలుచుకుంటడు" అని అరిచాడు శ్రీశైలం.

"పిలుచుకోనియ్."

నిజంగానే పిలుచుకుంటాడని ఆమెకు తెలుసు. శ్రీశైలం ఇక ఎన్నాళ్లు సణుగుతాడో కూడా తెలుసు. ఫోన్ తీసుకుని పాట ఆపేసింది. అఖిలను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నాట్లలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, లేకపోతే పాట ముందుకు పోదు. వనిత మొదటి మాట ఎత్తుకుని, పిల్ల కోసం ఆగింది.

అఖిల పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

వనిత మళ్లీ ఎత్తుకుంది.